కట్టిన ఇల్లు, కట్టబోయే ఇల్లు

2006 తరువాత కేంద్ర పట్టణాభివృద్ధి శాఖను కేబినెట్ హోదాలో ఇద్దరు తెలుగువారు నిర్వహించారు. 2011 వరకు ఎస్.జైపాల్ రెడ్డి, 2014 నుంచి 2017 వరకు ఎం.వెంకయ్య నాయుడు. మొదటివారి కాలంలో రాజధాని ప్రాంతపు ఇళ్ల ధరలకు పట్టపగ్గాలు లేవు. అక్రమ కట్టడాలకు సీళ్లు వేయమని సుప్రీంకోర్టు ఆదేశించడం, దుకాణదారులు వీధికెక్కడం, 2007 ఫిబ్రవరిలో కొత్త మాస్టర్ ప్లాన్ వెలువడడం అన్నీ ఆయన హయాంలోనివే. రెండవవారు వచ్చేనాటికి విపణి చతికిలబడింది. నోయిడాలోను, గ్రేటర్ నోయిడాలోను పైకప్పు లేని కాంక్రీటు అస్థిపంజరాలు బారులు తీరి నిలబడ్డాయి. ఒకరు అతివేగంతో తల పట్టుకుంటే, మరొకరు అచేతనంతో తల పట్టుకున్నారు.

ఆ రెండవ కాలం గురించే ఈ వారం ముచ్చటించదలచాను. 2013 ప్రాంతంలో మొదలై 2020 దాకా సాగిన ఆ మందగమనం ఢిల్లీ పరిసరాల మధ్యతరగతికి నేర్పిన పాఠాలు హైదరాబాదుకు, విజయవాడకు, విశాఖపట్నానికి కూడా వర్తిస్తాయి. 2021 తరువాత ధరలు మళ్లీ లేచాయి. ధరలు లేచినప్పుడు పాత పాఠం ఎవరికీ గుర్తుండదు.

మన దేశంలో స్థిరాస్తి విపణి మందగించినదంటే ధరలు పడిపోయాయని సామాన్యంగా భావిస్తారు. అది నిజం కాదు. మన బిల్డరు ప్రకటించిన ధరను బహిరంగంగా తగ్గించడు. తగ్గిస్తే నిన్న కొన్నవాడు నేడు వచ్చి నిలదీస్తాడు. అప్పిచ్చినవాడు తాకట్టు విలువ తగ్గిందంటాడు. అందుకని ధర కాగితం మీద నిలకడగానే ఉంటుంది. దానికి బదులు వంటింటి అలమరలు ఉచితమంటాడు, కారు నిలుపుకొనే చోటు ఉచితమంటాడు, ఇల్లు చేతికి వచ్చేదాకా వాయిదాలు కట్టనక్కర లేదంటాడు. అసలు తగ్గుదల కాలం రూపంలో వస్తుంది. మూడేళ్లలో ఇస్తానన్న ఇల్లు ఎనిమిదేళ్లకు కూడా రాదు. కొనుగోలుదారు నష్టపోయేది ధరలో కాదు, నిరీక్షణలో.

వాయిదాలు కట్టనక్కర లేదనే ఆ పథకం స్వరూపం తెలుసుకోవలసినదే. ఇల్లు కొనేవాడి పేరుతో బ్యాంకు అప్పు మంజూరు చేస్తుంది. సొమ్ము బిల్డరుకు చేరుతుంది. స్వాధీనం వరకు వడ్డీ తాను భరిస్తానని బిల్డరు ఒప్పుకుంటాడు. పని సవ్యంగా సాగినంతకాలం అందరూ సంతోషమే. బిల్డరు చేతులెత్తేసిన నాడు మాత్రం, కట్టని ఇంటి మీద అప్పు కట్టవలసినవాడు పత్రం మీద సంతకం చేసిన గుమాస్తానో ఉపాధ్యాయుడో అవుతాడు. నిర్మాణ దశలను బట్టే అప్పు సొమ్ము విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఇటువంటి పథకాలకు దూరంగా ఉండమని 2019 జూలైలో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు గృహరుణ సంస్థలకు సూచించింది. అయినా కథ అంతటితో ఆగలేదు. రాజధాని ప్రాంతంలో బిల్డర్లకు, బ్యాంకులకు మధ్య నడిచిన లోపాయకారీ వ్యవహారాన్ని సి.బి.ఐ. దర్యాప్తు చేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. మొదటి హెచ్చరికకు, ఆ ఆదేశానికి మధ్య పన్నెండేళ్లు గడిచాయి. ఆ పన్నెండేళ్లూ కొందరు ఒక చేత్తో ఇంటి అద్దె, మరొక చేత్తో లేని ఇంటి వాయిదా చెల్లిస్తూనే ఉన్నారు.

ఆమ్రపాలి ఉదంతం అందరికీ తెలిసినదే. భారత క్రికెట్ కెప్టెన్ చిత్రంతో ప్రకటనలు గుప్పించిన సంస్థ అది. కొనుగోలుదారుల సొమ్మును దారి మళ్లించినట్లు నిర్ధారించి, 2019 జూలై 23న సుప్రీంకోర్టు దాని రిజిస్ట్రేషన్‌ను, భూముల లీజులను రద్దుచేసి, మిగిలిన పనిని ప్రభుత్వ రంగ సంస్థ ఎన్.బి.సి.సి.కి అప్పగించింది. నలభై వేలకు పైగా కుటుంబాల వ్యవహారం అది. దేశపు అత్యున్నత న్యాయస్థానం మేస్త్రీ పనిని కూడా పర్యవేక్షించవలసి రావడం మన పరిపాలనకు గౌరవం తెచ్చే సంగతి కాదు. ఇక జేపీ ఇన్‌ఫ్రాటెక్ విషయంలో దివాలా ప్రక్రియ 2017 ఆగస్టులో మొదలైతే, పనిని చేపట్టే కొత్త సంస్థ ప్రణాళికకు ట్రిబ్యునల్ ఆమోదం లభించినది 2023 మార్చిలో. ఆమోదమంటే ఇల్లు కాదు. మళ్లీ మొదలుపెట్టడానికి అనుమతి మాత్రమే.

ఇట్టి దురవస్థకు పార్లమెంటు చేసిన చికిత్స స్థిరాస్తి నియంత్రణ చట్టం. 2013 ఆగస్టులో యు.పి.ఎ. ప్రభుత్వం రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు సెలక్టు కమిటీ చేతుల మీదుగా నడిచి, 2016 మార్చి 10న రాజ్యసభలోను, 15న లోక్‌సభలోను గట్టెక్కింది. దానిని సభల్లో నడిపించినవారు వెంకయ్య నాయుడు. పత్రికా గేలరీలో కూర్చుని విన్న నాకు ఒక సంగతి ఆశ్చర్యం కలిగించింది. ఉప్పు నిప్పుగా ఉండే పక్షాలు ఆ బిల్లు విషయంలో మాత్రం దాదాపు ఏకకంఠంతో మాట్లాడాయి. ఇల్లు రాని ఓటరు అన్ని నియోజకవర్గాల్లోనూ ఉన్నాడు కదా!

ఆ చట్టంలో సామాన్యుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రిజిస్టరు కాని నిర్మాణాన్ని ప్రకటించరాదు, అమ్మరాదు. రిజిస్టరైన ఒప్పందపత్రం లేకుండా ధరలో పదవ వంతుకు మించి తీసుకోరాదు. వసూలైన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ కట్టడానికే వినియోగించాలి. ఈ నిష్పత్తి 50 చాలునన్న వాదన ఒక దశలో బలంగా వినిపించినా చివరకు 70 నిలిచింది. గోడల మధ్య నిజంగా కాలు మోపగల వైశాల్యాన్ని బట్టే లెక్క చెప్పాలి. స్వాధీనమైన అయిదేళ్లలోగా నిర్మాణలోపం బయటపడితే బిల్డరు స్వంత ఖర్చుతో సరిచేయాలి. ఇవన్నీ మంచి నిబంధనలే. కాని 2017 మే 1న చట్టం పూర్తిగా అమలులోకి వచ్చేసరికి ఏనుగు ఊరు దాటిపోయింది. అంతకు ముందే సొమ్ము చేతులు మారిన లక్షలాది ఇళ్లకు ఆ 70 శాతం ఖాతా ఏ విధంగాను ఉపకరించలేదు.

2018లో దివాలా స్మృతిని సవరించి ఇళ్లు కొన్నవారికి బ్యాంకులతో సమానమైన రుణదాతల హోదా కల్పించారు. బిల్డర్లు సవాలు చేయగా సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో ఆ సవరణను సమర్థించింది. ఆ సంతోషం ఎంతోకాలం నిలువలేదు. అదే సంవత్సరం డిసెంబరులో ఆర్డినెన్సు వచ్చింది. ఇకమీదట ఒకే నిర్మాణానికి చెందిన నూరుమంది గాని, మొత్తంలో పదవ వంతు మంది గాని కలిస్తేనే ట్రిబ్యునల్ తలుపు తట్టగలరు. ఒక బ్యాంకు ఒంటరిగా పోవచ్చును. ఒక గృహస్థుడు పోరాదు. చిల్లర వ్యాజ్యాలను అరికట్టడానికని ప్రభుత్వం చెప్పిన కారణంలో కొంత సబబు లేకపోలేదు. కాని సమానత్వం పేరుతో ఇచ్చిన హోదాకు సంవత్సరంన్నరలోనే షరతు తగిలించడం గమనించదగినది.

2019 నవంబరులో 25,000 కోట్ల రూపాయల ప్రత్యేక నిధిని ప్రకటించారు. దాని సాయంతో 50,000 ఇళ్లు పూర్తయ్యాయని 2025 ఫిబ్రవరి బడ్జెటు ప్రసంగంలో ఆర్థికమంత్రి తెలిపి, మరొక 15,000 కోట్లతో రెండవ నిధిని ప్రతిపాదించారు. ఇది తక్కువ పని కాదు. అయితే నిలిచిపోయిన నిర్మాణాలను పరిశీలించిన అమితాబ్ కాంత్ కమిటీ 2023లో ఉదహరించిన అంచనా ప్రకారం దేశంలో అటువంటి ఇళ్లు 4 లక్షల 12 వేలు. వాటిలో 2 లక్షల 40 వేలు ఒక్క రాజధాని ప్రాంతంలోనివే. ఏడు ఇళ్లవాళ్లు ఎదురుచూస్తుండగా ఒక ఇంటి తాళంచెవి అందినట్లు లెక్క.

ప్రైవేటు బిల్డర్లనే ఆడిపోసుకుని లాభం లేదు. 1979లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ తన కొత్త రిజిస్ట్రేషన్ పథకం కింద డిపాజిట్లు స్వీకరించింది. 1 లక్షా 70 వేలకు పైగా జనం డబ్బు కట్టారు. వారిలో చాలామందికి దశాబ్దాలు గడిచాకనే ఇల్లు దక్కింది. కేంద్ర కార్యాలయాలలో గుమాస్తాలుగా చేరిన తెలుగువారు ఆ జాబితాలో పేరు వేయించుకొని, ఉద్యోగ విరమణ నాటికి కేటాయింపు ఉత్తరం అందుకొన్న కథలు కరోల్‌బాగ్‌లోను, రామకృష్ణాపురంలోను ఒకనాడు విరివిగా వినిపించేవి. ఇల్లు కట్టకముందే సొమ్ము పుచ్చుకొనే విద్యలో ప్రభుత్వమే మొదటి గురువు.

ఈ అనుభవం నుంచి నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే. విపణి మందంగా ఉన్నప్పుడు కట్టబోయే ఇంటి కంటె కట్టిన ఇల్లు, కొత్త ఇంటి కంటె ఉన్న ఇంటికి చేసే సరైన మరమ్మతు మేలు. ప్రభుత్వ విధానం మాత్రం ఇందుకు భిన్నంగా నడుస్తున్నది.

లెక్క చూడండి. 40 లక్షలు అప్పు చేసి 9 శాతం వడ్డీ కట్టేవాడికి ఏడాదికి సుమారు 3 లక్షల 60 వేలు వడ్డీ. నెలకు 15 వేల అద్దె చొప్పున మరి 1 లక్షా 80 వేలు. అనగా ఇల్లు ఆలస్యమైన ప్రతి సంవత్సరానికి 5 లక్షల 40 వేలు గాలిలో కలుస్తాయి. మూడేళ్ల ఆలస్యానికి 16 లక్షలు దాటింది. పైగా నిర్మాణంలో ఉన్న ఇంటిపై, చౌక గృహాల తరగతికి చెందకపోతే, 5 శాతం జీఎస్టీ ఉన్నది. పూర్తయినట్లు అధికారుల ధ్రువపత్రం పొందిన ఇంటిపై అది లేదు. ఎదుట నిలబడిన ఇంటికి పది లక్షలు ఎక్కువ అడిగినా అదే చౌక. విపణి మందంగా ఉన్నప్పుడు, పది లక్షలు ఎక్కువ అడగడం అటుంచి, అమ్ముకోవలసిన అవసరం ఉన్న యజమాని బేరానికి దిగుతాడు. బిల్డరు చేయలేని పని, ధర తగ్గించడం, వ్యక్తి చేయగలడు. అతనిని నిలదీయడానికి నిన్న కొన్నవారెవరూ లేరు.

కట్టిన ఇల్లంటే నాలుగు గోడలు లేచిన ఇల్లని మాత్రం అర్థం చేసుకోరాదు. నోయిడాలో భూమి అథారిటీది, బిల్డరు లీజుదారు. బిల్డరు అథారిటీకి బకాయి పడితే ఫ్లాటు రిజిస్ట్రేషన్ నిలిచిపోతుంది. పూర్తి ధర చెల్లించి, గృహప్రవేశం చేసి, సంవత్సరాల తరబడి కాపురముంటూ, చట్టం దృష్టిలో యజమానులు కానివారు అక్కడ వేల సంఖ్యలో తేలారు. అటువంటి ఇంటిని అమ్మబోతే కొనేవాడికి బ్యాంకు అప్పు దొరకదు. ఆమోదిత ప్లాను సంగతి కూడా అటువంటిదే. పాత నివాసులకు పచ్చిక బయలుగా చూపించిన చోట సూపర్‌టెక్ సంస్థ లేపిన జంట గోపురాలను 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు అక్రమమని తేల్చింది. 2022 ఆగస్టు 28న, కుతుబ్ మీనారు కంటె ఎత్తయిన ఆ కట్టడాలు కొన్ని క్షణాలలో నేలమట్టమయ్యాయి. ఆ పోరాటం నడిపినది ఏ రాజకీయ పక్షమూ కాదు. ఆ ఆవరణలోనే నివసిస్తున్నవారి సంఘం. ప్లాను కాగితం అడిగి చూచినవారు వారు.

పత్రాలన్నీ సక్రమంగా ఉండి, అమ్మేది సాక్షాత్తు ప్రభుత్వమే అయినా ఒక్కొక్కప్పుడు ప్రయోజనం ఉండదు. 2014 పథకంలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ కేటాయించిన చిన్న ఫ్లాట్లను వేలాదిమంది తిరిగి అప్పగించారు. వాటినే ప్రధానంగా 2017లో, 12 వేల పైచిలుకు ఫ్లాట్ల పథకంగా మళ్లీ అమ్మకానికి పెట్టవలసి వచ్చింది. గదులు ఇరుకు, నరేలా వంటి చోట్లకు రవాణా సౌకర్యం కొరత. అక్కడికి మెట్రో రైలు మార్గాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది 2024 డిసెంబరులో. ఇల్లు ముందు వచ్చి రైలు పదేళ్ల తరువాత కాగితం మీదికి వస్తే, మధ్యకాలపు బస్సు ప్రయాణం ఎవరు చేయాలి? ఈ నివాస సముదాయాలకు ఇంగ్లండు పల్లెసీమల పేర్లు పెట్టే బిల్డర్ల సరదాను చూచి ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న నాబోటివాడు నవ్వుకోవచ్చు గాని, పేరు ఏదైనా నీటి గొట్టంలో నీరు వస్తున్నదా అన్నదే చూచుకోవలసిన సంగతి.

ఇక మరమ్మతు మాట. 2022 ఫిబ్రవరి 10న గుర్‌గావ్‌లోని చింటెల్స్ పారడైసో భవన సముదాయంలో ఆరవ అంతస్తులోని ఒక ఫ్లాటులో నేల మరమ్మతు పని జరుగుతుండగా గచ్చు కూలింది. కిందనున్న అంతస్తుల శ్లాబులు ఒకదాని వెంట ఒకటి విరిగిపడ్డాయి. ఇద్దరు స్త్రీలు మరణించారు. తరువాత ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణుల పరీక్షలో కాంక్రీటులో క్లోరైడు లవణాలు అధికంగా ఉన్నట్లు, అందువల్ల లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టినట్లు తేలింది. ఆ సముదాయం పాతబడినది కూడా కాదు. నేలకు నునుపు రాళ్లు పరిపించే ముందు, ఆ నేలను మోస్తున్న చువ్వ ఏ స్థితిలో ఉందో చూపించుకోవాలని ఎవరికి తోస్తుంది?

అమ్మకానికి ఇల్లు పెట్టబోయేవారు సాధారణంగా కంటికి కనిపించే పనులు చేయిస్తారు. పైకప్పు కింద బొమ్మల కప్పు, దీపాల వరుసలు, పాలరాయి. విపణి చురుకుగా ఉంటే ఆ ఖర్చు ఎలాగో తిరిగి వస్తుంది. మందంగా ఉన్నప్పుడు రాదు. కొనేవాడు తొందర పడడు. నాలుగు ఇళ్లు చూస్తాడు. వానాకాలంలో వచ్చి గోడకు చెయ్యి ఆనించి చూస్తాడు. మీ పాలరాయి అతని అభిరుచికి నచ్చకపోతే దానిని పెరికించే ఖర్చును ధరలో తగ్గించమంటాడు. డాబా మీది చెమ్మ ఆపడం, పాత విద్యుత్తు తీగలు మార్చడం, గోడలోపలి తుప్పుగొట్టాలు తీసివేయడం, మీటరు తట్టుకోగల శక్తిని పెంచడం అటువంటివి కావు. అవి ఎవరికీ అక్కరలేనివి కాజాలవు. అమ్ముడుపోకపోయినా, ఆ ఇంట్లో మీరే ఉండవలసి వచ్చినా, వాటి ఫలం మీకే దక్కుతుంది.

ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఫ్లాట్లలో ఒక విచిత్రం చూస్తాము. కింది ఇంటివారు, మధ్య ఇంటివారు, పై ఇంటివారు కూడబలుక్కుని వెనుకవైపున స్తంభాలు లేపి, అంతస్తుకొక గది చొప్పున పొడిగించుకుంటారు. ముగ్గురూ సమ్మతించి, ఇంజనీరుకు చూపించి, అనుమతి పొందితే మంచి ఏర్పాటే. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి, మన గుంటూరువారు, పై ఇంటాయన ఒత్తిడికి అనుమతి లేకుండానే ఒప్పుకున్నారు. అయిదారేళ్ల తరువాత కూతురి దగ్గరకు వెళ్లిపోదామని ఇల్లు బేరం పెడితే, కొనేవారి బ్యాంకు మదింపుదారు ఆ గదిని లెక్కలోకి తీసుకోలేదు. పైగా ప్లానులో లేని కట్టడమని కొర్రీ వేశాడు. గది కట్టిన ఖర్చు పోయింది, బేరమూ పోయింది. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

ప్రభుత్వం ఈ విషయాన్ని ఎట్లా చూస్తున్నదో గమనించండి. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాడు తాను నివసించే ఇంటిని కొనడానికో, కట్టడానికో అప్పు చేస్తే ఏడాదికి 2 లక్షల వరకు వడ్డీకి మినహాయింపు. అదే ఇంటి మరమ్మతుకు అప్పు చేస్తే 30 వేలు మాత్రమే. కొత్త పన్ను పద్ధతి ఎంచుకున్నవాడికి స్వంత నివాసం మీద రెండూ లేవు. బిల్డరు కట్టే కొత్త ఇంటిపై జీఎస్టీ 5 శాతమైతే, సామగ్రితో సహా మరమ్మతు చేసిపెట్టే కంట్రాక్టరు బిల్లుపై 18 శాతం. సిమెంటుపై 28 శాతంగా ఉన్న పన్నును 2025 సెప్టెంబరులో 18కి తగ్గించారు, అంతవరకు మంచిదే. ఇల్లు అద్దెకిచ్చిన యజమానికి మరమ్మతుల కింద అద్దెలో 30 శాతం మినహాయింపు లభిస్తుంది, చిల్లిగవ్వ ఖర్చు చేయకపోయినా! వాన కురిసే గదిని అద్దెకిచ్చేవాడికి, బాగుచేయించి ఇచ్చేవాడికి మన చట్టం దృష్టిలో తేడా లేదు.

2024 జూలై 23 బడ్జెటులో జరిగినది ఇంకా తమాషా. పాత ఇల్లు అమ్మినప్పుడు కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి చూపుకొనే సౌకర్యాన్ని ఎత్తివేసి, పన్ను రేటును 20 నుంచి 12.5 శాతానికి దింపారు. రేటు తగ్గింది గనుక లాభమేనని అధికారులు నచ్చచెప్పారు. ధరలు పరుగెత్తిన చోట అది నిజం. ధరలు కుంటిన చోట కాదు. 2012-13లో 50 లక్షలకు కొన్న ఫ్లాటును 2024-25లో 80 లక్షలకు అమ్మారనుకోండి. ప్రభుత్వమే ప్రకటించిన సూచిక ఆ మధ్య 200 నుంచి 363కు పెరిగింది. ఆ లెక్కన 50 లక్షలు 90 లక్షల 75 వేలతో సమానం. అంటే అమ్మినవాడు నిజానికి నష్టపోయాడు, పన్ను లేదు. కొత్త లెక్క ప్రకారం 30 లక్షల లాభం వచ్చినట్లు భావించి 3 లక్షల 75 వేలు కట్టాలి. నష్టం మీద పన్ను! దేశమంతా గగ్గోలు పుట్టగా రెండు వారాలలో ప్రభుత్వం వెనక్కు తగ్గింది. ఆ జూలై 23కు ముందు కొన్న ఇళ్లకు రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటుతో ఆగస్టు 7న లోక్‌సభ ఆర్థిక బిల్లును ఆమోదించింది. ఆ తేదీ తరువాత కొనేవారికి ఈ వెసులుబాటు లేదు. రేపు మరొక మందగమనం వస్తే దాని దెబ్బ పూర్తిగా తినేది వారే. గది పెంచడం వంటి శాశ్వతమైన అభివృద్ధికి పెట్టిన ఖర్చును కొన్న ధరకు కలిపి చూపవచ్చు కనుక, వారు సిమెంటు బస్తా రసీదు మొదలు ప్రతి కాగితమూ దాచుకోవడం మంచిది.

మన రాష్ట్రాల సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. హైదరాబాదు చుట్టుపక్కల అనుమతులు రాకముందే, కట్టబోయే భవనం కింది భూమిలో అవిభక్త వాటా పేరుతో సొమ్ము వసూలు చేసే పద్ధతి విచ్చలవిడిగా సాగినది రేరా వచ్చిన తరువాతనే. సగం ధరకే ఇల్లన్నారు. పదవ వంతుకు మించి పుచ్చుకోరాదన్న చట్టం ఉండగానే మొత్తం సొమ్ము ఒక్కసారి సమర్పించుకున్నారు. అమరావతిలో నేలధరలు 2014 తరువాత ఎగసి, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాటతో కుప్పకూలి, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ లేచాయి. అక్కడ భూమి విలువను నిర్ణయించినది మట్టి కాదు, శాసనసభలో సంఖ్యాబలం. ఆ జూదం ఆడగలవాడు ఆడవచ్చును. పింఛను సొమ్ముతో ఆడరాదు.

ఇళ్లు కొనేవారికి ఇచ్చే వడ్డీ మినహాయింపును 2014 బడ్జెటులో లక్షన్నర నుంచి 2 లక్షలకు పెంచినప్పుడు, మరమ్మతుల 30 వేలను ఎవరూ తాకలేదు. అరవై ఏళ్లనాటి ఆదాయపు పన్ను చట్టాన్ని తిరగరాసిన కొత్త బిల్లును 2025 ఆగస్టు 11న లోక్‌సభ ఆమోదించింది. ఆ 30 వేలు అందులోను అట్లాగే ఉన్నాయి. ఎందుకున్నాయని అడిగిన సభ్యుడు లేడు. ప్రతిపక్షాల నినాదాల హోరులో, చర్చ అనేది లేకుండానే, కొన్ని నిమిషాలలో ఆ బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది.